ఎంబా దర్మో దగ్గు

తెల్లవారుజాము నమాజు కాగానే లస్మిని పొయ్యి వెలిగిస్తుంది. అన్నయ్య తర్ముజికి చిక్కటి కాఫీ, వదినకి తీపి టీ, అన్నయ్య కొడుకు రగిల్‌కి రాత్రి అన్నంతో వేపుడు. అందరివీ అయ్యాక తండ్రి దగ్గుకి ఒక గ్లాసు అల్లం నీళ్లు. ఆ గ్లాసుని ముందుగదిలో పేము కుర్చీ పక్కన నేలమీద ఉంచి, ఈగలు వాలకుండా రేకు మూత పెట్టి, స్కూలుకి తయారవడానికి వెళ్తుంది.

వాడకంతటికీ తాతగారైన ఎంబా దర్మో పోయి మూడేళ్లు కావస్తోంది. మనిషి పోయాడు గానీ దగ్గు పోలేదు. స్నానం చేయించి, తెల్లగుడ్డ చుట్టి, మోసుకెళ్లి, మట్టి కప్పి మగవాళ్లు తిరిగొచ్చేసరికి అది పేము కుర్చీలో దగ్గుతోంది. వదిన వంటింట్లోంచి తొంగిచూసి, "కాసిని అల్లం నీళ్లు పెట్టు లస్మినీ, పొద్దుటి నుంచీ ఏం పడలేదు పాపం" అంది. అప్పటి నుంచీ పెడుతూనే ఉంది.

ఎండ ముదరకముందే దగ్గు బయల్దేరుతుంది. సందు చివర, స్కూలు గేటుకి ఎదురుగా జుమిలక్క కాఫీ కొట్టు. బెంచీ మీద వాళ్లు దాని చప్పుడు వినగానే కాస్త జరిగి చోటిస్తారు. "రండి ఎంబా, ఇవాళ పొడిదగ్గేనే" అంటుంది జుమిలక్క, అరటికాయ బజ్జీలు తిప్పుతూ. దగ్గు కాసేపు కూర్చుని, బెంచీ మీద వాళ్ల కబుర్లకి అడ్డుపడి, మళ్లీ ఇంటికొస్తుంది. ఊళ్లో దానిగురించి ఎవరూ ప్రత్యేకంగా మాట్లాడుకోరు. వర్షాకాలంలో దానికి కఫం చేరుతుందని మాత్రం అందరికీ తెలుసు.

కరంగ్‌చెంకేలో గాలి ఎటునుంచి వీచినా లవంగాల వాసనే. జావా ఉత్తర తీరంలో అది సిగరెట్ల ఊరు. ఫ్యాక్టరీకి పెద్ద పేరొకటి ఉంది గానీ ఊళ్లో ఎవరూ ఆ పేరు వాడరు, ఫ్యాక్టరీ అంటే చాలు. ఆడవాళ్లు లోపల వరసల్లో కూర్చుని సిగరెట్లు చుడతారు. మగవాళ్లు గోదాముల్లో పొగాకు మోస్తారు. సాయంత్రం ఆ ఆడవాళ్లు చుట్టినవే ఆ మగవాళ్లు కాలుస్తారు. ఈ ఏర్పాటు సవ్యంగా ఉందని ఊరు నమ్ముతుంది.

ఎంబా దర్మో ఆ ఫ్యాక్టరీలో రుచి చూసేవాడు. అంటే ఆయన ఉద్యోగమే సిగరెట్లు తాగడం. పొగాకూ లవంగాలూ తీపి రసమూ కలిపిన ప్రతి కుప్పలోంచీ ఒకటి చుట్టించి ఆయన ముందు పెట్టేవారు. ఆయన కిటికీ పక్కన కూర్చుని, రెండు దమ్ములు లాగి, కళ్లు మూసుకుని, "లవంగం ఎక్కువైంది" అనో, "పోయినవారం సరుకే నయం" అనో చెప్పేవాడు. ఇరవయ్యేళ్ల వయసులో ఆ కుర్చీలో కూర్చుని, రక్తం పడ్డాకే లేచాడు. పోయిన రోజున ఫ్యాక్టరీ వాళ్లు గుమ్మం ముందు మనిషెత్తు పూల బోర్డు నిలబెట్టారు. ప్రగాఢ సంతాపమని గులాబీరంగు అక్షరాలు. దాంతోపాటు, పలకరించడానికి వచ్చేవాళ్ల కోసం సిగరెట్ల పెట్టెలు పంపారు. ఊపిరితిత్తులు కుళ్లిపోయి చచ్చిపోయిన మనిషి పక్కన కూర్చుని ఊరంతా ఆ సిగరెట్లే కాల్చి, ఆయన ఎంత మంచివాడో చెప్పుకుంది. పొగ ఎంత దట్టంగా పట్టిందంటే, తండ్రి ముఖం ఆఖరిసారి చూసుకోవడానికి లస్మిని చేత్తో విసురుకోవలసి వచ్చింది.

ఆ చెయ్యి విసురుకోవడం ఆమె మరిచిపోలేదు.

*

స్కూల్లో లస్మిని పని పిల్లల మంచిచెడ్డలు చూడడం. ఇంట్లో గొడవపడి వచ్చినవాళ్లూ, ప్రేమలో పడ్డవాళ్లూ, చదువెక్కనివాళ్లూ ఆమె గదికే వస్తారు. పిల్లలకీ ఊరికీ ఆమె బు లస్మిని, అంటే లస్మినమ్మగారు. శుక్రవారం మధ్యాహ్నం, మసీదు నుంచి మగపిల్లలు తిరిగొచ్చాక, సిగరెట్టు మానాలనుకునేవాళ్లకి ఒక క్లాసు పెట్టింది. మొదట్లో ఎవరూ రాలేదు. తర్వాత లెక్కల క్లాసు ఎగ్గొట్టడానికి ఇది పనికొస్తుందని తెలిసి బాగానే వచ్చారు.

ఆరోగ్యశాఖ వాళ్లు పంపిన బొమ్మలు ఆమె గోడకి అంటించింది. గొంతుకి కన్నం పడ్డ మనిషి, నల్లబడ్డ ఊపిరితిత్తులు. సిగరెట్టు పెట్టెల మీదా అవే బొమ్మలు ఉంటాయి. పిల్లలు వాటిని ఎప్పుడో దాటేశారు. జుమిలక్క కొట్లో సిగరెట్లు గాజు గ్లాసులో విడివిడిగా నిలబెట్టి అమ్ముతారు. విడిగా కొనేవాడికి పెట్టె కనిపించదు, పెట్టె మీద బొమ్మా కనిపించదు. పెట్టె కొనే స్తోమత ఉన్నవాడు "గొంతు కన్నం వద్దక్కా, ఊపిరితిత్తులది ఇవ్వు" అని బేరమాడి తీసుకుంటాడు.

"పిల్లలకి అమ్మకు జుమిలక్కా" అని లస్మిని చాలాసార్లు అడిగింది.

"నేనమ్మకపోతే పక్క కొట్టువాడు అమ్ముతాడు బు. వాడి దగ్గర సరుకు పాతది. పిల్లలకి దగ్గొస్తుంది."



క్లాసులో అందరికంటే నోరున్నవాడు కుకుహ్. వాడి తల్లి ఫ్యాక్టరీలో చుట్టే ఆడవాళ్లలో ఒకతె.

"బు, ఒక సందేహం" అన్నాడు ఆ శుక్రవారం. "మేమంతా మానేస్తే మా అమ్మ చుట్టినవి ఎవరు కొంటారు? మీరు కొంటారా?"

క్లాసు నవ్వింది. వెనక బెంచీలో రగిల్ కూడా తలొంచుకుని నవ్వాడు. అత్త క్లాసులో అత్తని చూసి నవ్వకూడదని వాడికి ఇంట్లో చెప్పి పంపిస్తారు.

"మీ అమ్మ తాగుతుందా?" అంది లస్మిని.

"ఆవిడా? మా నాన్న ఇల్లెక్కనిస్తాడా?"

"పోనీ ఫ్యాక్టరీ పెద్దాయన కొడుకులు తాగుతారా?"

"వాళ్లని ఎవరు చూశారు బు. సింగపూర్‌లో చదువుకుంటున్నారుగా."

"చుట్టేవాళ్లు తాగరు. అమ్ముకునేవాళ్ల పిల్లలు తాగరు. మరి ఎవరికోసం చుడుతున్నట్టు?"

కుకుహ్ తల గోక్కున్నాడు. "నన్ను కూడా సింగపూర్ పంపించండి బు. ఒట్టు, విమానంలోనే మానేస్తాను."

మళ్లీ నవ్వులు. లస్మిని కూడా నవ్వింది. నవ్వుతూనే ఆమెకి కోపం వచ్చింది. పదిహేను, పదహారేళ్ల పిల్లలు. నవ్వాక నలుగురైదుగురు దగ్గారు. ఆ దగ్గులు అప్పుడే మొలిచినవి, ఇంకా వాటికి పేర్లు లేవు.

క్లాసయ్యాక హెడ్మాస్టరు పాక్ హర్సోనో, అంటే హర్సోనో గారు, కబురు పెట్టాడు. ఆయన గది తలుపు మీద ఇది పొగ లేని పాఠశాల అని పెద్ద రేకు. లోపల ఆయన కిటికీ వైపు తిరిగి కాలుస్తూ, బూడిదని పూలకుండీలో దులుపుతున్నాడు. పట్టుబడ్డ పిల్లల్ని జెండా కర్ర ముందు ఎండలో నిలబెట్టేదీ ఈయనే.

"కూర్చోండి బు. మీ శుక్రవారం క్లాసుకి పేరు కొంచెం మారిస్తే బాగుంటుందేమో. ఆరోగ్య క్లాసు అనండి. ఫ్యాక్టరీ వాళ్లు వాలీబాల్ కోర్టుకి పైకప్పు వేయిస్తామంటున్నారు. వాళ్ల మనసు నొప్పించడం ఎందుకు?"

"ఆ కప్పు కింద ఆడేవాళ్లకి ఊపిరి ఉండాలి కదా పాక్."

"మీ దగ్గర అన్నిటికీ జవాబుంటుంది."

"నా దగ్గరున్నవి ప్రశ్నలే. జవాబు మీ వేళ్ల మధ్య ఉంది."

హెడ్మాస్టరు వేళ్లకేసి చూసుకుని, సిగరెట్టుని కుండీలో గుచ్చాడు. క్లాసు పేరు మారలేదు. వాలీబాల్ కోర్టుకి కప్పు పడింది, దానిమీద ఫ్యాక్టరీ గుర్తు ఎంత పెద్దదంటే పైన వెళ్లే విమానాలకి కూడా కనిపిస్తుంది.

లస్మిని ఒకసారి ఫ్యాక్టరీకే వెళ్లింది. తండ్రి పోయిన ఏడాదికి, దగ్గుని స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని వెళ్లింది. గేటు దగ్గర కాపలావాడు దాని చప్పుడు వినగానే లేచి నిలబడి వినయంగా తలవంచాడు. "ఎంబా, బాగున్నారా? ఎన్నాళ్లకి" అన్నాడు.

"లోపలికి వెళ్లాలి. మేనేజరు గారిని కలవాలి" అంది లస్మిని.

"మీరు వెళ్లండి బు. దగ్గుని పంపలేను. లోపలంతా ఏసీ. పైగా లోపలికెళ్లే కార్డు మీద ఫోటో ఉండాలి. దీనికి ఫోటో ఎలా తీస్తాం?"

"ఇది ఇక్కడిదే. ఇక్కడే పుట్టింది."

"పుట్టింది ఇక్కడే బు, కాదన్నానా?" అన్నాడు కాపలావాడు నొచ్చుకుంటూ. "రిటైరైపోయింది కదా."

దగ్గు గేటు ఊచల దగ్గర కాసేపు నిలబడి దగ్గింది. లోపల ఎవరూ తల తిప్పలేదు. ఇద్దరూ ఇంటికొచ్చేశారు.

*

ఎంబా దర్మో కుర్చీ ఫ్యాక్టరీలో ఆయన లేచినప్పటి నుంచీ సరైన మనిషి లేక ఖాళీగానే ఉంది. రుచి అనేది వంశంలో వస్తుందని వాళ్ల నమ్మకం. తర్ముజి గోదాములో మేస్త్రీ. వాడికి రుచి పట్టే నాలుక లేదని తండ్రే తేల్చేశాడు. అందుకని మేనేజరు ఎదురుపడ్డప్పుడల్లా తర్ముజిని "కుర్రాడు ఎలా ఉన్నాడు? చదువు ఎప్పుడవుతుంది?" అని అడుగుతాడు. తర్ముజి ఆ మాటని ఇంటికి తెచ్చి, భోజనాల దగ్గర మురిసిపోతూ చెబుతాడు.

రగిల్‌కి మొదటి సిగరెట్టు వెలిగించి ఇచ్చింది తర్ముజే. సున్తీ చేయించిన రోజు, గళ్ల లుంగీలో నొప్పికి ముఖం మాడ్చుకుని కూర్చున్న పదేళ్ల పిల్లాడి నోట్లో పెట్టి, "ఇంక నువ్వు మగాడివిరా" అన్నాడు. మేనమామలు చప్పట్లు కొట్టారు. ఆ ఫోటో ముందుగదిలో చట్రం కట్టి ఉంది. అందులో అందరూ నవ్వుతున్నారు. దొంగతనంగా ఇచ్చింది కాదు, చెడగొట్టాలని ఇచ్చిందీ కాదు. ప్రేమతో, అందరి ఎదుటా, అలవాటు ప్రకారం ఇచ్చింది. లస్మినికి అన్నిటికంటే మండేది అక్కడే.

ఈ మధ్య దగ్గు జుమిలక్క కొట్టుకి వెళ్లడం తగ్గించింది. రగిల్ వెంట తిరుగుతోంది. వాడు పెరట్లో నూతి దగ్గర అత్త కంటపడకుండా వెలిగిస్తే అది వెళ్లి పక్కన చతికిలబడుతుంది. వాడు చదువుకుంటుంటే బల్ల కింద. వాడు పడుకుంటే మంచం కోళ్ల దగ్గర. "తాతకి మనవడంటే ప్రాణం" అంది వదిన.

దగ్గు పిల్లాణ్ణి ఎందుకు పట్టుకు తిరుగుతోందని లస్మిని వెళ్లి మోదిన్‌ని అడిగింది. వాడలో పెళ్లికీ చావుకీ ప్రార్థన చదివేది ఆయనే.

"వచ్చేనెల వెయ్యోనాటి కార్యం కదా" అన్నాడు మోదిన్. "ఆ రోజుతో మీ నాన్నకీ ఈ ఇంటికీ తెగిపోతుంది. సమాధికి రాయి పాతేస్తాం. అయితే దగ్గు ఆయన వెంట వెళ్లదు, అది మట్టిది కాదు. ఇన్నాళ్లూ మీ నాన్న పేరు మీద ఊరికే ఉంది. ఆ రోజు దాటితే దానికో ఛాతీ కావాలి."

"ఎవరి ఛాతీ?"

"తలుపు తీసి పెట్టుకున్న ఛాతీ ఏదైతే అది" అని మోదిన్ సిగరెట్టు వెలిగించుకున్నాడు.

మర్నాడు తెల్లవారుజామున ఆమె పొయ్యి వెలిగిస్తుంటే రగిల్ గదిలోంచి దగ్గు వినిపించింది. ముందు రెండు చిన్నవి, ఊపిరి తీసుకోవడానికి ఒక ఆగుడు, తర్వాత అడుగునుంచి తవ్వుకొచ్చే పొడవాటిది, ఆఖర్న ఈల. తండ్రి దగ్గు వరసే. అల్లం నీళ్లు పట్టుకెళ్లి గుమ్మంలో నిలబడింది. రగిల్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. వీపు కదులుతోంది. అది మంచం పక్కనున్న దగ్గో, మంచం మీదున్న దగ్గో ఆమెకి తెలియలేదు. పుట్టినప్పటి నుంచీ విన్న దగ్గు, అది ఎవరిదో ఆమె చెప్పలేకపోయింది. గ్లాసు ఎవరి దగ్గర పెట్టాలో తెలియక చేత్తోనే పట్టుకుని నిలబడింది.

ఆ రోజు స్కూటరు మీద వెళ్తూ రగిల్ వెనకనుంచి అన్నాడు. "అత్తా, నాకు మానాలనే ఉంది."

"మరి?"

"చెయ్యి మాట వినదు. పొద్దున్న ఒట్టేసుకుంటాను. ఇంటర్వెల్‌కి చూస్తే జుమిలక్క కొట్టు దగ్గరుంటాను. ఎలా వెళ్లానో కూడా గుర్తుండదు."

"ఇవాళ ఇంటర్వెల్‌కి నా గదికి రా."

"వస్తే?"

"కూర్చుందాం. గంట కొట్టేదాకా."

వచ్చాడు. కూర్చున్నారు. వాడి మోకాలు టకటకా ఊగుతూనే ఉంది. చింతపండు బిళ్లలు ఇస్తే నములుతూ, కిటికీలోంచి కొట్టుని చూస్తూ కూర్చున్నాడు. గంట కొట్టగానే లేచి, "ఒకటి దాటింది" అన్నాడు. మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడు రాలేదు. తర్వాత మళ్లీ వచ్చాడు. కుకుహ్‌ని కూడా తోడు తెచ్చుకున్నాడు, బిళ్లల కోసం వచ్చానని కుకుహ్ ముందే చెప్పాడు.

*

కార్యానికి సరంజామా రాస్తున్నప్పుడు గొడవ వచ్చింది. పసుపన్నం, కోళ్లు, ఆప్యం పిండివంట, కొత్త చాపలు. ఇంక చాపల మధ్య గ్లాసుల్లో నిలబెట్టి పెట్టే సిగరెట్లు.

"సిగరెట్లు వద్దు అన్నయ్యా" అంది లస్మిని.

తర్ముజికి అర్థం కాలేదు. "ఏ రకం వద్దు?"

"ఏ రకమూ వద్దు."

"నీకు మతిపోయిందా? వచ్చినవాళ్ల ముందు ఏం పెడతాం?"

"అన్నం పెడతాం. కోడికూర పెడతాం."

"ఏడ్చినట్టుంది. దర్మో ఇంట్లో సిగరెట్టుకి గతిలేకపోయిందని రేపు వాడంతా చెప్పుకుంటుంది. నాన్నకి అదంటే ఎంత ఇష్టమో నీకు తెలీదూ?"

"ఇష్టం కాదు, అది ఆయన ఉద్యోగం. ఆయన్ని చంపింది అదే. హంతకుణ్ణి పిలిచి పీట వేస్తావా?"

"ఫ్యాక్టరీ అన్నం తిని పెరిగావు. ఆ డబ్బుతోనే టీచరువయ్యావు."

"అందుకే ఆ అన్నం ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు."

వదిన వంటింట్లోంచి గట్టిగా గిన్నె కింద పెట్టింది. పేము కుర్చీలోంచి దగ్గు ఒక్కసారి, పొట్టిగా, విసుగ్గా దగ్గింది. ఇద్దరూ నోరు మూసుకున్నారు. చిన్నప్పుడు కూడా వాళ్ల దెబ్బలాట అలాగే ఆగేది.

కార్యం రోజు మధ్యాహ్నం ఫ్యాక్టరీ బండి వచ్చింది. దివంగత దర్మో గారి సేవలకి గుర్తుగా అని డ్రైవరు సంతకం పెట్టించుకుని సిగరెట్ల పెట్టెలు దించి వెళ్లాడు. తర్ముజి చెల్లెలి ముఖం చూడకుండా వాటిని లోపలికి మోశాడు.

సంజె నమాజు అయ్యాక మగవాళ్లు వచ్చారు. మోదిన్, ఇరుగుపొరుగు, గోదాము మనుషులు, హెడ్మాస్టరు పాక్ హర్సోనో కూడా. గోడల వెంబడి చాపల మీద మఠం వేసుకుని కూర్చున్నారు. ఆడవాళ్లు వంటింటి గుమ్మం అవతల. ప్రార్థన మొదలైంది. అల్లా ఒక్కడే అన్న మాట వందమంది గొంతుల్లో ఒకే ఊపులో సాగింది. దగ్గు పేము కుర్చీలో ఉంది. ప్రార్థన ఉన్నంతసేపూ అది చప్పుడు చేయలేదు.

ప్రార్థన అయ్యాక సిగరెట్ల పళ్లెం తిరగాలి. ఇంట్లో అందరికంటే చిన్న మగాడు దాన్ని తిప్పాలి, ముసలివాళ్లకి వెలిగించి ఇవ్వాలి. అది మర్యాద. తర్ముజి పళ్లెం తెచ్చి కొడుకు చేతిలో పెట్టాడు. గ్లాసుల్లో సిగరెట్లు అగరొత్తుల్లా నిలబడి ఉన్నాయి. రగిల్ వంటింటి గుమ్మంకేసి చూశాడు. ఆ వారమంతా వాడు ముట్టుకోలేదు. ఆ సంగతి ఆ గదిలో లస్మినికి తప్ప ఎవరికీ తెలియదు, తెలిసినా వాళ్లకి అది లెక్కలోకి వచ్చే సంగతి కాదు.

"వాడి చేతికెందుకు, నేను తిప్పుతాను" అంది లస్మిని గుమ్మంలోంచే.

"ఆడదానివి నువ్వు తిప్పుతావా?" అన్నాడు ఎవరో. నలుగురు నవ్వారు, చెడ్డగా కాదు.

రగిల్ పళ్లెం తిప్పాడు. మోదిన్ రెండు తీసుకుని ఒకటి చెవి మీద పెట్టుకున్నాడు. హెడ్మాస్టరు ఒకటి తీసుకుని, తన స్కూలు పిల్లాడి చేతనే వెలిగించుకున్నాడు. చూరుకింద పొగ చేరింది. చివర్న ఎంబా దర్మో తమ్ముడు, చూపు సరిగా ఆనని చిన్నతాత. ఆయన చేతులు వణుకుతాయి, సిగరెట్టు అంటించుకోలేడు. "నువ్వే వెలిగించి ఇయ్యరా నాయనా" అన్నాడు. అంటే నోట్లో పెట్టుకుని వెలిగించి ఇవ్వాలి.

రగిల్ ఆగాడు. గదిలో ఇంతమంది పెద్దవాళ్లు, చేతిలో పళ్లెం, ఎదురుగా చాపిన ముసలి చెయ్యి. ఏ పిల్లాడైనా ఏం చెయ్యగలడు? పెదాల మధ్య పెట్టుకుని, లైటరు నొక్కి, ఒక్క దమ్ము లాగాడు.

పేము కుర్చీ ఖాళీ అయింది. అది లస్మిని వినగలిగింది. ఒక గదిలో గడియారం ఆగితే వినిపించినట్టు వినిపించింది.

రగిల్ దగ్గాడు. ముందు రెండు చిన్నవి, ఒక ఆగుడు, తర్వాత అడుగునుంచి పొడవాటిది, ఆఖర్న ఈల.

"ఎంబా వచ్చారు" అన్నాడు మోదిన్ గౌరవంగా. అందరూ తలలూపి, కాళ్లు సర్దుకుని చోటిచ్చారు.

పిల్లాడు ఇంకా దగ్గుతూనే ఉన్నాడు. పళ్లెం కింద పడి సిగరెట్లు చాపల మీద దొర్లాయి. వాడు మోకాళ్ల మీద కూలబడ్డాడు. పదహారేళ్ల మెడమీద నరాలు తాళ్లలా లేచాయి. డెబ్భయ్యేళ్ల మనిషి దగ్గు ఆ సన్నటి ఛాతీలో ఇమడక ఇటూ అటూ తన్నుకుంటోంది. చుట్టుపక్కల వాళ్లు ఒంగి సిగరెట్లు ఏరుకుంటున్నారు, ఒకటీ తొక్కుడు పడకుండా. లస్మిని గుమ్మం దాటి మగవాళ్ల మధ్యకి వచ్చేసింది.

"చూడండి" అంది. ఆమె గొంతు పెద్దగా లేదు. "బాగా చూడండి. ఇంకోటి వెలిగించుకుని చూడండి. పాక్ హర్సోనో, రేపు వీణ్ణి జెండా కర్ర ముందు నిలబెట్టండి. మా నాన్నని తినేశారు, సరిపోలేదు. ఇక్కడున్న మగవాళ్లలో ఒక్కరైనా ఈ పిల్లాడికి ఏదైనా ఇచ్చారా, ఇది తప్ప?"

హెడ్మాస్టరు సిగరెట్టు బూడిద ఆయన లుంగీ మీదే రాలింది.

తర్ముజి అప్పటికే కొడుకు పక్కన మోకాళ్ల మీద ఉన్నాడు. వాడి వీపు మీద అరచెయ్యి పెట్టాడు. అరచేతి కింద ఏం తగిలిందో ఆయన ముఖం చూస్తే తెలిసింది. తండ్రి ఆఖరి రోజుల్లో ఆ వీపు రుద్దిందీ ఆ చెయ్యే.

"నాన్నా" అన్నాడు తర్ముజి.

దగ్గు ఆగలేదు.

"నాన్నా, వాడు కాదు. వాడు పసివాడు. నీ కుర్చీలో వాణ్ణి కూర్చోబెడదామనుకున్నది నేను. నోట్లో పెట్టింది నేను. నన్ను చూడు." చొక్కా గుండీలు విప్పుకున్నాడు, ఎండలో పొగాకు మూటలు మోసి నల్లబడిన ఛాతీ. "ఇక్కడ చోటుంది. ఇటు రా."

రగిల్ ఒక పొడవాటి ఊపిరి తీసుకున్నాడు. అది లోపలికి వెళ్లింది, తిరిగి బయటికి వచ్చింది. ఏ చప్పుడూ లేదు. గదిలో అందరూ ఎదురుచూశారు. అప్పుడు తర్ముజి దగ్గాడు. రెండు చిన్నవి, ఒక ఆగుడు. పొడవాటిది వచ్చేసరికి నేలమీద చెయ్యి ఆనించుకున్నాడు.

"సర్దుకుంది" అన్నాడు మోదిన్. చెవి మీద సిగరెట్టు తీసి, ఏం చెయ్యాలో తెలియనట్టు చూసి, జేబులో పెట్టుకున్నాడు. "అన్నం చల్లారిపోతోంది, వడ్డించండి."

వడ్డించారు. అందరూ తిన్నారు. దగ్గు ఒక పేదవాడి ఛాతీలోంచి ఇంకో పేదవాడి ఛాతీలోకి మారింది. గేటు లోపల ఏసీ గదుల్లోకి దారి దానికి ఎప్పటికీ దొరకలేదు. లస్మిని వంటింట్లో కూర్చుని, చేతుల్లో ముఖం పెట్టుకుని, ఏడవలేక పళ్లు నూరింది. రగిల్ వచ్చి పక్కన కూర్చున్నాడు. వాడు ఊపిరి తీసుకోవడం, వదలడం ఆమె చాలాసేపు వింటూ కూర్చుంది.

*

తర్వాతి శుక్రవారం క్లాసు మొదలయ్యాక తలుపు దగ్గర దగ్గు వినిపించింది. పిల్లలు అలవాటుగా బెంచీ మీద జరిగారు. వచ్చింది తర్ముజి. గోదాము చొక్కాతోనే వచ్చాడు. పిల్లల బెంచీలో మోకాళ్లు పట్టక పక్కకి తిరిగి కూర్చున్నాడు, రగిల్ పక్కనే.

"బాబాయ్, మీరేంటి ఇక్కడ?" అన్నాడు కుకుహ్.

"ఏం, రాకూడదా? మీ టీచరు మా చెల్లెలు."

"ఇది మానాలనుకునేవాళ్ల క్లాసు. బిళ్లలు కూడా వీళ్లకే."

"తెలుసులేరా." తర్ముజి చెల్లెలి వైపు చూడలేదు, నల్లబల్ల వైపు చూస్తూ మాట్లాడాడు. "పొద్దున్న మేనేజరు అడిగాడు, కుర్రాడు ఎప్పుడొస్తాడని. మా ఇంట్లో ఇంక ఛాతీలు లేవు సార్ అని చెప్పాను."

"ఏమన్నాడు?" అంది లస్మిని.

"పక్క వాడలో ఎవరైనా ఉన్నారా అని అడిగాడు."

క్లాసులో ఎవరూ నవ్వలేదు. పక్క వాడ కుకుహ్‌ది. తర్ముజికి దగ్గు వచ్చింది, పొడవుగా, ఈలతో సహా. పిల్లలు అది అయ్యేదాకా ఆగారు. లస్మిని సుద్దముక్క పట్టుకుని ఆగింది. అయ్యాక తర్ముజి కళ్లు తుడుచుకుని కొడుకు వైపు ఒంగాడు. గుసగుసగా అడిగాడనుకున్నాడు గానీ క్లాసంతా వినిపించింది.

"ఒరే, మొదటిరోజు ఎలా ఉంటుందిరా?"

"తలనొప్పి" అన్నాడు రగిల్. "అందరి మీదా కోపం వస్తుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు."

"రెండోరోజు?"

"అంతకంటే కష్టం."

"తర్వాత?"

"కొంచెం నిద్ర పడుతుంది. అన్నానికి రుచి వస్తుంది."

తర్ముజి తలూపాడు. "ఆ తర్వాత?"

రగిల్ బల్ల మీద పడి ఉన్న తండ్రి చేతులకేసి చూశాడు.

"తెలీదు నాన్నా" అన్నాడు. "నేనింకా అక్కడిదాకా వెళ్లలేదు."